తాగిన రాత్రి ఏఆర్‌టీ మాత్ర మానేయాలా? హెచ్‌ఐవీతో ఉన్న యువతలో అపోహలు - వాస్తవాలు

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు (ఏఆర్‌టీ) ఇచ్చే సెంటర్‌లో కౌన్సెలర్‌గా కుర్రాళ్ల నోట, అమ్మాయిల నోట నేను తరచూ వినే మాటలివి.

అపోహ: తాగిన రోజు మాత్ర వేసుకుంటే విషమవుతుంది.

వాస్తవం: అవదు. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న టీఎల్‌డీ (మూడు హెచ్‌ఐవీ మందులు కలిపిన ఒకే మాత్ర) మద్యంతో కలిసి విషంగా మారదు. అసలు నష్టమంతా మానేయడంలోనే ఉంది. శనివారం ఫ్రెండ్స్‌తో కూర్చుంటారు, ఈ రాత్రికి వద్దులే అనుకుని డబ్బా మూత తీయరు, ఆదివారం తల బరువుగా ఉందని మళ్లీ వదిలేస్తారు, నెలాఖరుకు మిగిలిన మాత్రలు సెంటర్‌లో లెక్కపెడితే దొరికిపోతామని దారిలో పారేసి వస్తారు. లెక్క సరిపోతుంది, లోపల వైరస్ మాత్రం పెరుగుతుంది, మందులకు లొంగకుండా కూడా తయారవచ్చు. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే దాన్నీ ఈ మాత్రే అదుపులో ఉంచుతుంది, ఉన్నట్టుండి ఆపితే కాలేయం దెబ్బతినవచ్చు. అలాగని తాగమని కాదు, తాగుడు కాలేయానికి ఎప్పుడూ చేటే. కానీ ఇంకా మానలేకపోతున్నా సరే, మాత్ర వేసుకోండి. మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాడు రెండు కలిపి వద్దు.

అపోహ: గంజాయి ఆకే కదా, టెన్షన్ తగ్గుతుంది.

వాస్తవం: కాసేపే. అలవాటయ్యేకొద్దీ ఆందోళన, అనుమానం పెరుగుతాయి, మాత్ర టైమ్ కూడా గుర్తుండదు.

అపోహ: హెచ్‌ఐవీ ఉన్నాక దిగులు మామూలే.

వాస్తవం: ఈ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. పుట్టుకతో హెచ్‌ఐవీ వచ్చిన పిల్లల్లో ఎంతోమంది అమ్మానాన్నల్ని పోగొట్టుకుని అమ్మమ్మ దగ్గర పెరిగినవాళ్లు. రక్తం తక్కువని చెప్పి మాత్రలు వేస్తారు, ఏ పదిహేనో ఏటనో పిల్లాడు డబ్బా మీది పేరు ఫోన్‌లో వెతికి ఒంటరిగా నిజం తెలుసుకుంటాడు. ఆ కోపం చెప్పుకునే మనిషి లేక తాగుడు మొదలుపెడితే, చెడు అలవాట్లంటూ తిట్టడం అన్యాయం. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి, దేనిమీదా ఆసక్తి లేకపోతే డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది, ఆ మందుల్లో చాలావాటిని ఏఆర్‌టీతో పాటే వాడొచ్చు. చచ్చిపోవాలనిపిస్తే ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

అపోహ: నిజం చెబితే మందులు ఆపేస్తారు, ఊరంతా తెలిసిపోతుంది.

వాస్తవం: తాగుతున్నారని ఏఆర్‌టీ ఆపరు. 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, కొద్ది మినహాయింపులు తప్ప, మీ అనుమతి లేకుండా మీ సంగతి బయటపెట్టకూడదు. హెరాయిన్ లాంటివి సూదితో తీసుకుంటుంటే మరీ తప్పకుండా చెప్పండి, వాటికి బదులుగా బ్యూప్రినార్ఫిన్ అనే మందు ఇచ్చే ఓఎస్‌టీ చికిత్స ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతుంది.