అవి చిల్లులు కావండీ: చదును నేత తివాచీలపై అపోహలు – వాస్తవాలు

కిలీమ్‌ను, అంటే బొచ్చు లేకుండా చదునుగా నేసిన తివాచీని, వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూసినవాళ్లు తరచూ అడిగే మాట: "ఇదేంటండీ, అన్నీ చిల్లులే?"

అవి మేం, నేసేవాళ్లం, తెలిసి వదిలిన చీలికలు. ఈ నేతలో రంగు పేక (అడ్డపోగు) ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పోదు. తన రంగు ఎంతవరకో అంతవరకే వెళ్లి వెనక్కి తిరుగుతుంది. ఎరుపు ఒక పడుగు పోగు (నిలువు పోగు) దగ్గర, నీలం దాని పక్క పోగు దగ్గర తిరిగాయనుకోండి, రెంటినీ కలిపేది ఏదీ ఉండదు. గీత నిలువుగా సాగినంతసేపూ సందు సాగుతుంది. అందుకే కిలీమ్‌ల నిండా మెట్లు, వజ్రాలు, ఏటవాలు గీతలు. మెట్టు మారిన చోటల్లా చీలిక ఆగిపోతుంది.

సందు వద్దనుకుంటే రెండు రంగుల్నీ ఒకే పోగు చుట్టూ తిప్పొచ్చు. అక్కడ వేలికి చిన్న గట్టు తగులుతుంది. స్కాండినేవియా వాళ్ల రోలకన్‌లో అయితే రెండు పేకల్నీ ఒకదానిలో ఒకటి మెలేస్తారు. ఏది చేసినా గీత చీలికంత పదునుగా రాదు. నా ఓటు చీలికకే.

"అంగుళానికి ఎన్ని ముడులు?"

సున్నా. ముడులు బొచ్చు తివాచీల లెక్క. ఇక్కడ అడగాల్సింది అంగుళానికి ఎన్ని పడుగు పోగులు, పేకను ఎంత దట్టంగా కొట్టారు అని. కిలీమ్‌లో పేకల మధ్య నుంచి పడుగు తొంగిచూస్తోందంటే కొట్టడంలో బద్ధకించారన్నమాటే.

"బిగించి లాగితేనే గట్టి నేత"

నేనూ అలాగే అనుకున్నాను. రెండడుగుల వెడల్పుతో మొదలుపెట్టిన నా మొదటి ముక్క పైకి చేరేసరికి మూడంగుళాలు తగ్గి, సీసా మెడలా తేలింది. పేక ఒక్కో పడుగు పోగు పైనుంచి, కిందనుంచి వంకరలు తిరుగుతూ పోవాలి, ఆ వంపులకు అదనపు దారం కావాలి. అందుకే పేకను విల్లులా వదులుగా పరిచి, తర్వాత పంజాతో (పేకను కిందికి కొట్టే దువ్వెనతో) దించాలి. బిగువు ఉండాల్సింది పడుగులో.

"రెండు వైపులా ఒకేలా ఉంటేనే అసలు చదును నేత"

దరీకి (జంఖానాకి) సరే. సౌమక్ అనే చుట్టు నేతకు కాదు. అందులో పేక నాలుగు పోగుల మీదుగా ముందుకెళ్లి, రెంటి కింద నుంచి వెనక్కొచ్చి చుట్టుకుంటుంది. వెనక వైపు చాలావాటికి దారం కొసలు వేలాడుతూనే ఉంటాయి.

"సహజ రంగులు వెలవవు"

పసుపుతో అద్దిన ఉన్నిని కొన్నాళ్లు ఎండలో ఉంచి చూడండి, వెలవడం మీకే కనిపిస్తుంది! మంజిష్ఠ, నీలిమందు మాత్రం గట్టివి.

చివరి కుచ్చుల్ని అలంకారమనుకుని కత్తిరించేవాళ్లున్నారు. చేనేత తివాచీలో అవి పడుగు కొసలే. కట్టు దాకా కోస్తే, మొదటి పేక ఆ వారమే జారడం మొదలుపెడుతుంది.