విడిపోయింది బల్ల దగ్గరే

దక్షిణాఫ్రికాలో శ్వేతజాతివారు ఎక్కువగా ఉన్న డచ్ రిఫార్మ్డ్ చర్చి, నల్లజాతి, మిశ్రమజాతి విశ్వాసుల యునైటింగ్ రిఫార్మ్డ్ చర్చి ఒక్కటి కావాలన్న మాట మళ్లీ వినిపిస్తోంది. 1948 తర్వాతి వర్ణవివక్ష చట్టాల గురించి అందరికీ తెలిసిందే. అసలు ముడి పడింది అంతకు చాలా ముందు, ఆరాధనలో.

1829లో డచ్ రిఫార్మ్డ్ చర్చి కేప్ సినడ్, అంటే అక్కడి పాలక సభ, స్పష్టంగా చెప్పింది: రంగు, పుట్టుక చూడకుండా సభ్యులందరికీ ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం, కలిపే ఇవ్వాలి. 1857 నాటికి అదే సినడ్ మెత్తబడింది. అందరూ కలిసి ఆరాధించడమే వాక్యానుసారమని ఒప్పుకుంటూనే, 'కొందరి బలహీనత' వల్ల అది సువార్త పనికి అడ్డమైతే, అన్యుల్లో నుంచి వచ్చిన విశ్వాసులకు వేరే కట్టడంలో ఆరాధన జరపవచ్చని తీర్మానించింది. ఆ బలహీనత ఎవరిది? పక్కన కూర్చోవడానికి ఇష్టపడని తెల్లవారిది. బయటికి నడవాల్సి వచ్చింది మాత్రం అవతలివాళ్లు. తప్పు చేసినవారిని దిద్దాల్సిన సంఘం వారి సౌకర్యాన్నే నియమంగా మార్చింది. నా దృష్టిలో తర్వాతి చరిత్రంతా ఈ ఒక్క తీర్మానం నుంచే నడిచింది.

వేరే గది కాస్తా వేరే సంఘమైంది. 1881లో మిశ్రమజాతివారికి మిషన్ చర్చి, ఆ తర్వాత నల్లజాతివారికి ఒకటి, 1968లో భారత సంతతివారికి ఇంకొకటి.

అందుకే ఎదురుతిరగడం కూడా బల్ల దగ్గరే మొదలైంది. 1982లో ఒట్టావాలో ప్రపంచ రిఫార్మ్డ్ సంఘాల సభ జరిగింది. మిషన్ చర్చి పాస్టర్ అలన్ బూసాక్, మరికొందరు దక్షిణాఫ్రికా ప్రతినిధులు అక్కడ బల్ల తీసుకోవడానికి నిరాకరించారు. సొంత దేశంలో కలిసి తీసుకోనివ్వని వారితో ఇక్కడ ఎలా తీసుకుంటామన్నది వారి ప్రశ్న. ఆ సభ వర్ణవివక్షను సమర్థించడం దుర్బోధ అని ప్రకటించి, డచ్ రిఫార్మ్డ్ చర్చి సభ్యత్వాన్ని సస్పెండ్ చేసింది. అదే ఏడాది కేప్‌టౌన్ శివారు బెల్హార్‌లో మిషన్ చర్చి సినడ్ ఐక్యత, సమాధానం, న్యాయం అనే మూడు మాటల మీద ఒక విశ్వాస ప్రమాణం రాసి, 1986లో ఆమోదించింది. 1994లో యునైటింగ్ చర్చి ఏర్పడింది కూడా ఆ ప్రమాణం మీదే.

ఆ బెల్హార్ ప్రమాణంలో, దేవుడు ప్రత్యేకంగా దిక్కులేనివారి, బీదల, అన్యాయానికి గురైనవారి దేవుడు అన్న మాట దగ్గరే డచ్ రిఫార్మ్డ్ చర్చిలో చాలామంది ఆగిపోయారు. అది రాజకీయమని వారి అభ్యంతరం. 2011లో వారి జనరల్ సినడ్ బెల్హార్‌ను చర్చి నియమావళిలో చేర్చే దారి తెరిచినా, కింది స్థాయిలో కావలసినంత మద్దతు రాలేదు. ఇష్టమైనవాళ్లు ఒప్పుకోవచ్చు, మిగతావాళ్లను బలవంతపెట్టొద్దు అన్న వాదన ఇంకా ఉంది.

యునైటింగ్ చర్చి దీనికి ఒప్పుకోకపోవడాన్ని మొండితనం అంటున్నవారు 1857 తీర్మానాన్ని ఒకసారి చదవాలి. అప్పుడూ ఇష్టం లేనివారి కోసమే సర్దుబాటు జరిగింది. ఒకరి పాస్టర్ మరొకరి సంఘంలో ప్రసంగించడం, పండుగకు కలిసి పాడటం మంచివే. కానీ సినడ్ తీర్మానంతో పోయిన చోటును సినడ్ తీర్మానంతోనే తిరిగి ఇవ్వమని వారు అడుగుతున్నారు.