గోడలు లేవకముందే బాట వదలాలి

తెల్లాపూర్

మన కాలనీ పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

"స్కూలు మా బాల్కనీలోంచి కనిపిస్తుంది కదా తాతయ్యా, మరి బస్సు ఎందుకు ఎక్కాలి?" అని అడిగారు మీరు. చాలా మంచి ప్రశ్న. లిఫ్టు దగ్గర నిలబడి రెండు మాటల్లో చెప్పే జవాబు కాదని ఇలా ఉత్తరం రాస్తున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ నా పని రోడ్ల మీదే కాబట్టి, నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

ముందు ఆ స్కూలు మనకు ఎలా దూరమైందో చూడండి. ఒకప్పుడు హైదరాబాద్ అంచున ఈ చుట్టుపక్కలంతా పొలాలే. గచ్చిబౌలి వైపు ఐటీ ఆఫీసులు వచ్చాయి, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ఆ వెనకే నల్లగండ్ల, తెల్లాపూర్, కొల్లూరు, ఉస్మాన్‌నగర్ వరసపెట్టి పెరిగాయి. ఒక్కో సర్వే నంబరు ఒక్కో బిల్డర్ చేతికి వెళ్లింది. ఎవరి స్థలం చుట్టూ వాళ్లు ప్రహరీ కట్టుకున్నారు. లోపల రోడ్లు శుభ్రంగానే ఉంటాయి, చెట్లుంటాయి, మీరు సైకిలు తొక్కుకోవచ్చు. కానీ ఈ కాలనీ రోడ్డు పక్క కాలనీ రోడ్డుతో కలవదు. అందరూ గేటు దాటి ఒకే మెయిన్ రోడ్డు మీద పడాల్సిందే. మన వెనక గోడకు అవతల ఉన్న స్కూలుకు వెళ్లాలన్నా ముందు గేటు నుంచి బయటికి వచ్చి, కాంక్రీటు లారీల మధ్యలోంచి చుట్టు తిరిగి వెళ్లాలి. ఆ రోడ్డు మీదికి పిల్లల్ని పంపడానికి మీ అమ్మానాన్నలకు టెన్షన్. అందుకని కారులో దింపుతారు, లేదంటే బస్సు ఎక్కిస్తారు. ఇంటికో కారు బయటికొస్తే రోడ్డు మీద రద్దీ ఇంకా పెరుగుతుంది. అది చూసి నిన్నటిదాకా పిల్లాణ్ణి నడిపించుకెళ్లిన తల్లి కూడా ఇవాళ కారు తీస్తుంది.

ఆ భయం ఉత్తదేమీ కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. వాళ్లలో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవాళ్లు. అంటే రోజుకు దాదాపు 90 మంది. ఇవన్నీ మనం ఆపగలిగిన చావులే అని నేను గట్టిగా నమ్ముతాను. మీకు ఈ సంగతులు ఇప్పుడే తెలియాలని కోరుకునేది అందుకే.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఎనిమిదో తరగతి పిల్లలు కాగితం తీసి చేయండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 8 మీటర్లకు కాస్త ఎక్కువ కదులుతుంది. ఎదురుగా పిల్ల కనబడి, డ్రైవర్ కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ తర్వాత పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులుంటే ఇంకో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13 మీటర్లు. అదే కారు 50లో వస్తోందనుకోండి. ఆ ఒక్క సెకనులోనే 14 మీటర్లు దాటిపోతుంది. అంటే మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోటికి రెండో కారు ఇంకా బ్రేకు పడకుండానే, అదే 50 వేగంతో వచ్చేస్తుంది. ఆ రెండు కార్ల ముందూ ఒకే దూరంలో ఒకే పిల్ల ఉంటే, ఒక పిల్ల బెదిరిపోయి ఇంటికొస్తుంది. రెండో పిల్ల రాదు. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట వేగం 30 దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ దేశాల మంత్రులు సమావేశమై చెప్పింది ఈ లెక్క ప్రకారమే.

మరి 30 అని బోర్డు పెడితే సరిపోదా అంటారు. సరిపోదు. డ్రైవరు బోర్డును చూసి కాదు, రోడ్డును చూసి నడుపుతాడు. తిన్నగా, వెడల్పుగా, ఖాళీగా కనిపించే రోడ్డు మీద ఎంత బుద్ధిమంతుడి కాలైనా యాక్సిలరేటర్ మీద బరువు పెడుతుంది. మూల మలుపును విశాలంగా గుండ్రంగా తీర్చితే కారు వేగం తగ్గించకుండా తిరిగేస్తుంది. అదే మలుపును కాస్త బిగించి కడితే నెమ్మదించక తప్పదు. కాబట్టి వేగం సగం ఇంజనీరు చేతిలోనే, డ్రాయింగు గీసే రోజునే తేలిపోతుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ అని ఒక సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైను, నిర్మాణం, నిర్వహణల్లో ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోతే, ఆ పనికి బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఆ సెక్షన్‌ను ఇంకా గట్టిగా వాడాలని నా అభిప్రాయం.

ఇక ఫుట్‌పాత్. మీరు టేపు పట్టుకుని కొలవగలిగింది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో నడిచేవాళ్ల కోసమే ఒక మార్గదర్శిని తెచ్చింది. దాని ప్రకారం అడ్డం లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. ఎదురెదురుగా వచ్చే రెండు వీల్‌చెయిర్లు పట్టాలని ఆ కొలత. ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు, అంటే జానెడు కూడా కాదు. ఇప్పుడు మన మెయిన్ రోడ్డు ఫుట్‌పాత్ గుర్తు తెచ్చుకోండి. కొన్నిచోట్ల మోకాలి ఎత్తున ఉంటుంది. ప్రతి గేటు దగ్గరా కారు ఎక్కడానికి ర్యాంపు కోసం దాన్ని కోసేస్తారు, దాంతో ఎక్కడం దిగడం, ఎక్కడం దిగడం. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఆ తర్వాత హోర్డింగు స్తంభం, ఆ తర్వాత పలక లేచిపోయిన నాలా. వానాకాలంలో ఆ పలక లేని చోటు నీళ్ల కింద కనబడదు. మోకాళ్ల నొప్పులున్న మీ నానమ్మ ఆ ఎత్తు ఎక్కలేక రోడ్డు మీద నడుస్తుంది. ఫుట్‌పాత్ ఉంది కదా, రోడ్డు మీద ఎందుకు నడుస్తున్నారని ఆమెనే అడుగుతారు! సరిగ్గా కట్టాలంటే గేటు దగ్గర ఫుట్‌పాత్ దిగకూడదు. అది అదే మట్టంలో సాగిపోవాలి, కారే మెల్లగా దాని మీదికి ఎక్కి దిగాలి. నడిచేవాళ్లకు ఫుట్‌పాత్ అన్నది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

పండ్ల బండి, టీ బండి వాళ్ల మీద కోపం పెంచుకోకండి. సాయంత్రం పూట ఆ దారిలో నలుగురు మనుషులు, నాలుగు దీపాలు ఉన్నాయంటే వాళ్ల వల్లే. వాళ్లకూ చోటు చూపించి గీస్తేనే అది ప్లాను.

రోడ్డు దాటడం ఇంకో పెద్ద కష్టం. మన దగ్గర సిగ్నళ్లు తీసేసి యూటర్న్‌లు పెడుతున్నారు. కార్లకు ఆగే పని తప్పింది. కానీ కార్లు ఎప్పుడూ ఆగకపోతే మనిషి ఎప్పుడు దాటాలి? ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడతామంటారు. కింద లారీలు పోవాలి కాబట్టి దాని ఎత్తు అయిదున్నర మీటర్లు. ఎక్కడానికి దాదాపు 40 మెట్లు, దిగడానికి మళ్లీ అన్నే. సామాను సంచితో వచ్చే పనిమనిషి, చంకన బిడ్డతో వచ్చే తల్లి అన్ని మెట్లు ఎక్కలేరు, డివైడర్ సందులోంచే దాటతారు. నన్నడిగితే స్కూలు ముందర జీబ్రా క్రాసింగును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కట్టాలి. రోడ్డు మధ్యలో డివైడర్ దగ్గర నిలబడటానికి చోటివ్వాలి, అప్పుడు ఒకసారి ఒక వైపు వచ్చే బండ్లనే చూసుకుంటే చాలు. ఖర్చు కూడా బ్రిడ్జి కంటే చాలా తక్కువ.

నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాల్లో 3,300 మంది దాకా చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలే. అప్పుడు తల్లిదండ్రులు, వాళ్లతో పాటు పిల్లలు కూడా వీధుల్లోకి వచ్చారు. 1972లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని డి పైప్ అనే ఇరుకు పేటలో మీ వయసు పిల్లలు తమ వీధిలో ఆడుకోవడానికి చోటు కావాలని సంతకాలు సేకరించి, రోడ్డుకు అడ్డాలు పెట్టి పోరాడారు. ఈ రోజు ఆ దేశంలో పిల్లలు సైకిళ్ల మీద సొంతంగా బడికి వెళ్తున్నారంటే అది ఆ పోరాటం నుంచి మొదలైందే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతికి వస్తాను. మన దగ్గర నడక బాటలు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. పాత గ్రామ నక్షా తీసి చూస్తే బండ్ల బాటలు గీసి ఉంటాయి, వాగులు ఉంటాయి, చెరువులు ఉంటాయి. తెలంగాణ చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి, ఆ నీళ్లు నాలా వెంట కింది చెరువుకు చేరతాయి. అంటే ఊరి నుంచి ఊరికి నీళ్లు తమ దారి తామే గీసి పెట్టాయి. ఆ దారి పెద్ద ఎత్తుపల్లాలు లేకుండా మెల్లగా వాలుతూ పోతుంది, నడకకూ సైకిలుకూ అంతకంటే అనువైనది దొరకదు. 2012 నాటి జీవో 168 బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు పైబడిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ గీత) నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నదైతే 9 మీటర్లు ఏ కట్టడం లేకుండా పచ్చగా వదలాలి. వెడల్పు 10 మీటర్లు దాటిన నాలా పక్కన 9 మీటర్లు, చిన్న నాలా పక్కన 2 మీటర్లు వదలాలి. ఆ వదిలిన జాగాను కలుపుకుంటూ పోతే చెరువు నుంచి చెరువుకు, కాలనీ నుంచి కాలనీకి మెయిన్ రోడ్డు ఎక్కకుండా వెళ్లొచ్చు. కబ్జాలు కూడా అక్కడే మొదలవుతాయి. రోజూ మనుషులు నడిచే కట్ట మీద మట్టి లారీ దొంగచాటుగా రాలేదు. అందుకే బాట వేయడం చెరువును కాపాడుకోవడం కూడా.

అలాగని పాలరాళ్లు, గ్రానైటు పరచమని కాదు. నీళ్లు ఇంకే మొరం బాట చాలు, అటూ ఇటూ కానుగ, వేప, చింత చెట్లు. కానీ ఎత్తయిన రెండు గోడల మధ్య సందులాగా ఉండకూడదు. అలాంటి చోటికి ఆడపిల్లలు సాయంత్రం వెళ్లలేరు. ప్రహరీ బదులు గ్రిల్ పెడితే ఇళ్లలోంచి బాట కనిపిస్తుంది. దీపాలుండాలి, అక్కడక్కడా బయటికి దారులుండాలి. ఔటర్ పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు, పైన సోలార్ పలకలతో 2023 అక్టోబరులో ప్రారంభించారు. నాకు అది నచ్చింది, ఎండ తగలకుండా తొక్కొచ్చు. అయితే దాని దాకా వెళ్లడానికి చాలామంది సైకిలును కారు వెనక కట్టుకుని పోతున్నారు. గుమ్మంలోంచి అక్కడి వరకు చిన్న చిన్న బాటలు కలిపితేనే అది బడికీ, కూరగాయలకీ పనికొస్తుంది.

ఇక మీ పని. ఒక ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందు, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని స్కూలు దాకా నడవండి. టేపు నేనిస్తాను. ఎక్కడ ఫుట్‌పాత్ ఎత్తు ఎంత, ఎక్కడ పలక లేదు, ఎక్కడ దీపం వెలగదు, అన్నీ పక్కనున్న కరెంటు స్తంభం నంబరుతో సహా రాసుకోండి. "మా రోడ్డు బాగాలేదు" అని రాస్తే ఆఫీసులో ఎవరికీ ఏమీ అర్థం కాదు. స్తంభం నంబరు రాస్తే మనిషిని పంపడానికి వీలవుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అర్జీ ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటపెట్టినప్పుడు ప్రజల అభ్యంతరాలు, సూచనలు తీసుకుంటారు. ఆ గడువులో రాసిన కాగితానికి ఉన్న విలువ, రోడ్డు వేసేశాక చేసే ధర్నాకు ఉండదు.

మన వెనక గోడ సంగతి మాత్రం ఏ ఆఫీసుకూ వెళ్లకుండానే తేలుతుంది. అవతలి కాలనీ అసోసియేషన్ వాళ్లతో మాట్లాడాను. ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు నడిచేవాళ్ల కోసం చిన్న గేటు తెరిచి, వాచ్‌మన్‌ను పెట్టడానికి వాళ్లు సుముఖంగానే ఉన్నారు. మన వాళ్లలో కొందరికి దొంగతనాల భయం ఉంది, అది సహజం. వచ్చే మీటింగులో పెద్దవాళ్లే మాట్లాడుకుంటే మాట ఆ భయం దగ్గరే ఆగిపోతుంది. మీ నోట్‌బుక్ పట్టుకుని మీరూ రండి. ఆ గేటు ఉంటే స్కూలుకు ఎన్ని నిమిషాలు, లేకపోతే ఎన్ని నిమిషాలు, ముందే నడిచి చూసుకుని రండి.

ఇట్లు
మీ తాతయ్య