ఎగ్జిమా ఉన్న పసిబిడ్డకు పూతలు, పథ్యాలు: నోటి దారి వేరు, చర్మం దారి వేరు

రెండేళ్ల బిడ్డకు మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనుక చర్మం ఎర్రబడి గరుకెక్కిందని, రాత్రంతా గోక్కుంటూ నిద్రపోవడం లేదని, స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాయడానికి మనసొప్పక పాలు, గుడ్డు, గోధుమ మాన్పించి, ఒంటికి బాదం నూనె, ఓట్స్ పిండి పూస్తున్నామని, ఇంకా ఏమేం మాన్పించాలో చెప్పమని ఒక పాఠకురాలు అడిగారు. ఆ తల్లి ఆరాటం నాకు బాగా అర్థమవుతుంది. కానీ ఆహారాన్ని నోటికి దూరం చేసి చర్మానికి దగ్గర చేసే ఈ పద్ధతి, గత ఇరవై ఏళ్లలో అలర్జీ శాస్త్రం కనుగొన్నదానికి సరిగ్గా తలకిందులుగా ఉంది.

చర్మం పొడిబారి, ఎర్రబడి దురదపెట్టే ఈ ఎగ్జిమా మూలం చాలామంది పిల్లల్లో తిండిలో కాక చర్మం నిర్మాణంలోనే ఉంటుంది. చర్మం పైపొరకు బిగువునిచ్చే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ విడిపోయినప్పుడు పుట్టే అమైనో ఆమ్లాలు చెమ్మను పట్టి ఉంచుతాయి. ఆ ప్రోటీన్ జన్యువులో లోపం ఉన్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువని స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల బృందం 2006లో నిరూపించింది. జన్యువు బాగానే ఉన్నా, ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే వాపు సంకేతాలు ఫిలాగ్రిన్ తయారీని తగ్గిస్తాయి. గోకుడు మిగిలిన పొరను చీలుస్తుంది. ఆ చీలికల్లో స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా చేరి వాపును మరింత ఎగదోస్తుంది.

ఒకే మనిషి వీధి వాకిలి నుంచి, ఇంట్లోవాళ్లు చూస్తుండగా వస్తే చుట్టమవుతాడు. గోడకు కన్నం వేసుకుని వస్తే దొంగవుతాడు. రోగనిరోధక వ్యవస్థ కూడా వచ్చినవాడి ముఖాన్నే కాక, వచ్చిన దారిని కూడా చూస్తుంది. ఆహారపు ప్రోటీన్ నోటి దారిన వస్తే, పేగు గోడలో కాపలా ఉండే డెండ్రైటిక్ కణాలు దాన్ని పట్టుకుని, విటమిన్-ఎ నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం సాయంతో రెగ్యులేటరీ టి-కణాలను పుట్టిస్తాయి. వీడు మనవాడే, వదిలేయండని ఒళ్లంతా చాటేవి ఆ కణాలే. అదే ప్రోటీన్ చిట్లిన చర్మం గుండా దూరితే, దెబ్బతిన్న చర్మకణాలు టిఎస్‌ఎల్‌పి, ఇంటర్‌ల్యూకిన్-33 అనే రసాయనాలతో కేకలు పెడతాయి. ఆ కేకలు విన్న, చర్మంలో కాపలా ఉండే లాంగర్‌హాన్స్ కణాలు చొరబడినవాణ్ణి లింఫ్ గ్రంథికి పట్టుకెళ్లి అప్పగిస్తాయి. అక్కడ అలర్జీని నడిపించే టిహెచ్-2 కణాలు తయారై, ప్రతిరక్షకాలు తయారుచేసే బి-కణాల చేత ఐజిఇ అనే అలర్జీ ప్రతిరక్షకాలను చేయిస్తాయి. ఆ ఐజిఇ, అలర్జీ రసాయనాలను దాచుకునే మాస్ట్ కణాలకు అతుక్కుని, అదే ముఖం మళ్లీ కనబడేదాకా కాపు కాస్తుంది. ఒకసారి దొంగ అని ముద్ర పడ్డాక, అతడు మర్నాడు వీధి వాకిలి నుంచే వచ్చినా దెబ్బలు తప్పవు. ఎన్నడూ వేరుశనగ తినని బిడ్డకు మొదటి ముద్దకే ఒళ్లంతా దద్దుర్లు లేచి పెదవులు వాయడం వెనుక చాలాసార్లు ఉండే కథ ఇదే. ముందే వాకిలి నుంచి వచ్చి చుట్టరికం కలుపుకున్నవాడు ఆ తరువాత కన్నం దగ్గర కనబడినా ఇంట్లోవాళ్లు అంతగా కంగారుపడరు. బడి పాఠాలు చర్మాన్ని ఒంటి తొడుగుగా మాత్రమే పరిచయం చేస్తాయి. అది ఇంత పనిచేసే రోగనిరోధక అవయవమని చెబితే పిల్లలు ఎంత శ్రద్ధగా వింటారో!

ఈ సిద్ధాంతాన్ని 2008లో ప్రతిపాదించినవారు లండన్ శిశువైద్యుడు గిడియన్ లాక్. వేరుశనగ అలర్జీకీ, పసితనంలో వేరుశనగ నూనె కలిసిన క్రీములు పూయడానికీ సంబంధం ఉందని ఆయన బృందం 2003లోనే గమనించింది. జపాన్‌లో, విడగొట్టిన గోధుమ ప్రోటీన్ కలిపిన ఒక సబ్బుతో ముఖం కడుక్కున్నవారిలో 2,000 మందికి పైగా గోధుమ అలర్జీ పాలయ్యారు. అంతకుముందు వారిలో చాలామంది గోధుమ హాయిగా తిన్నవారే. ఇక వేరుశనగ అలర్జీపై జరిగి, 2015లో ఫలితాలు వెలువడిన లీప్ అనే పరిశోధనలో, తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది శిశువులను తీసుకుని, సగం మందికి వేరుశనగ పెట్టి, సగం మందికి మాన్పించారు. ఐదేళ్లు వచ్చేసరికి మానేసినవారిలో సుమారు 17 శాతం మందికి, తిన్నవారిలో సుమారు 3 శాతం మందికి వేరుశనగ అలర్జీ ఉంది.

అందుకే వైద్యుడు చెప్పకుండా పెట్టే పథ్యమంటే నాకు భయం. కాస్త ముదిరిన ఎగ్జిమా ఉన్న పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి ఆహార అలర్జీ కూడా ఉంటుందన్నది నిజమే. అంతమాత్రాన ఆ ఆహారమే ఎగ్జిమాకు కారణమని కాదు. రక్తపరీక్షలో ఐజిఇ కనబడటం కూడా తుది తీర్పు కాదు. ఆ ఆహారాన్ని ఏ ఇబ్బందీ లేకుండా తినే పిల్లల్లోనూ అది కనబడుతుంది. 2016లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎగ్జిమా కోసం పథ్యం పెట్టిన పిల్లల్లో, అంతకుముందు తిన్న వెంటనే వచ్చే అలర్జీ ఎరుగనివారిలో, సుమారు 19 శాతం మందికి ఆ తరువాత అది కొత్తగా వచ్చింది. వాకిలి మూసి కన్నం తెరిచి ఉంచితే జరిగేది అదే. ఎగ్జిమా ఉందని, పాలు పడటం లేదని అనుకుని బియ్యపు పానీయంతో పెంచిన 22 నెలల బిడ్డ ప్రోటీన్ లోపించి, ఒళ్లు ఉబ్బి క్వాషియోర్కర్‌తో ఆసుపత్రిలో చేరిన ఉదంతం 2001లో వైద్య పత్రికకెక్కింది. తిన్న రెండు గంటల లోపల దద్దుర్లు, వాంతి, పెదవుల వాపు, దగ్గు కనబడితే ఆ ఆహారాన్ని అనుమానించాలి. ఇప్పటికే కొంతకాలంగా మాన్పించినదాన్ని మాత్రం ఇంట్లో ఉన్నపళంగా తిరిగి మొదలుపెట్టకుండా ముందు వైద్యుణ్ణి అడగాలి.

ఇక పూతల సంగతి. ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండే ఓలియిక్ ఆమ్లం చర్మపు కొవ్వు పొరల అమరికను చెదరగొడుతుంది. పెద్దల చర్మంపై 2013లో చేసిన పరీక్షలో ఆలివ్ నూనె పైపొరను బలహీనపరచగా, పొద్దుతిరుగుడు నూనె అలా చేయలేదు. ఫిలిప్పీన్స్‌లో 117 మంది పిల్లలపై ఎనిమిది వారాలు సాగిన పరీక్షలో వర్జిన్ కొబ్బరి నూనె మినరల్ ఆయిల్ కంటే మెరుగ్గా పనిచేసింది. బాదం నూనెను, ఓట్స్ పిండిని చిట్లిన చర్మానికి పూయడం ఆపమనే నా సలహా, రెండూ ఆహారాలే. ఈవినింగ్ ప్రింరోజ్ అనే పూలమొక్క గింజల నూనె తాగించడం వల్ల గానీ, మేలుచేసే బాక్టీరియా ఉండే ప్రోబయోటిక్స్ వల్ల గానీ చెప్పుకోదగ్గ మేలు తేలలేదు.

కన్నం పూడ్చే అసలు పని వాసన లేని మామూలు మాయిశ్చరైజర్‌ది, అది కూడా ధారాళంగా రాసినప్పుడే: పిల్లలకు వారానికి 250 గ్రాములైనా పడుతుంది. గోరువెచ్చని నీటితో కొద్దిసేపు స్నానం చేయించి, క్షారగుణం గల సబ్బు మాని, ఒళ్లు అద్ది, తడి పూర్తిగా ఆరకముందే రోమాలు వాలిన దిక్కుకే నిమరాలి. బిడ్డకు అన్నం తినిపించిన చేత్తో అలాగే డబ్బాలో వేలు పెట్టకూడదు. చేతులు కడుక్కుని, శుభ్రమైన చెంచాతో క్రీము తీయాలి. మాయిశ్చరైజర్ ఎక్కువసార్లు రాసిన శిశువుల్లో ఆహార అలర్జీ ఎక్కువగా కనబడిందని 2021లో ఒక బ్రిటిష్ అధ్యయనం చెప్పింది. చేతికి అంటిన ఆహారం క్రీముతో పాటు చర్మంలోకి దిగడం అందుకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావిస్తున్నారు.

స్టెరాయిడ్ భయంతో మూలికల క్రీముల వైపు మళ్లేవారు ఒక్క సంగతి తెలుసుకోవాలి. బర్మింగ్‌హామ్‌లో ఎగ్జిమా పిల్లలకు వాడుతున్న 24 మూలికల క్రీములను పరీక్షించగా 20 క్రీముల్లో స్టెరాయిడ్లు బయటపడ్డాయని 2003లో ప్రచురించారు. వాటిలో కొన్నింట అత్యంత ఘాటైన క్లోబెటసాల్ ఉంది. వైద్యుడు రాసిచ్చే తేలికపాటి స్టెరాయిడ్ హైడ్రోకార్టిసోన్‌ను చెప్పినన్ని రోజులే రాసి వాపు తగ్గించడం దానికంటే ఎంతో సురక్షితం. జ్వరంతో పాటు, ఒకే సైజులో, లోపలికి గుంట పడినట్టుండే నీటిపొక్కులు గుంపుగా లేస్తే అది ఎగ్జిమాపై హెర్పిస్ వైరస్ సోకిన లక్షణం కావచ్చు; అప్పుడు ఏ పూతా పూయకుండా బిడ్డను ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.