బీప్‌మన్నదల్లా మందుపాతర కాదు

పాతర అంటే మన తాతల కాలంలో ధాన్యం దాచుకోవడానికి నేలలో తవ్వుకున్న గొయ్యి. తిండిగింజలు దాచే చోటికి ఉన్న పేరు ప్రాణాలు తీసేదానికి అంటుకుని మందుపాతర అయింది. కంబోడియా రైతుకైతే ఈ రెండూ ఒకే పొలంలో ఉంటాయి. 1990లలో యుద్ధం ముగిసినా, వరి పండే నేలలో మందుపాతరలు అలాగే మిగిలిపోయాయి.

వాటిని వెతకడానికి ఇప్పటికీ ముందుగా వాడేది మెటల్ డిటెక్టరే. కర్ర చివర పళ్లెంలాంటి దానిలో తీగచుట్ట ఉంటుంది, అందులో మారుతూ పోయే కరెంటు చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, అది కింద ఉన్న లోహాన్ని తాకితే ఆ లోహంలోనూ చిన్న చిన్న కరెంటు సుడులు లేస్తాయి, వాటి ప్రభావం తిరిగి చుట్టకు తగలగానే చెవిలో బీప్. రెండో ప్రపంచయుద్ధంలో పోలండ్ ఇంజనీరు యూజెఫ్ కొసాట్స్‌కీ రూపొందించిన డిటెక్టర్‌ను 1942లో ఈజిప్టులోని ఎల్ అలమేన్ ఎడారిలో వాడారు. మూలసూత్రం ఇవాళ్టికీ అదే.

చిక్కంతా ఆ బీప్ తర్వాతే. చాలా మందుపాతరలకు ఒళ్లంతా ప్లాస్టిక్, లోపల ఫైరింగ్ పిన్ లాంటి ఇనుప ముక్క ఒక్కటే. దాన్ని పట్టుకోవాలని డిటెక్టర్ సున్నితత్వం పెంచితే మేకు, తూటా తొడుగు, డబ్బా మూత అన్నీ కూస్తాయి. కూసిన ప్రతిదాన్నీ మందుపాతరే అనుకుని తవ్వాలి. మోకాళ్ల మీద కూర్చుని, సన్నని ఊచను సుమారు 30 డిగ్రీల వాలులో మెల్లగా గుచ్చుకుంటూ పోతారు, ఎందుకంటే నిలువుగా గుచ్చితే పైనున్న మీట నొక్కుకుంటుంది, వాలుగా అయితే పక్క అంచు తగులుతుంది. గంటల తరబడి ఇంత టెన్షన్ పడి తవ్వితే చివరికి బయటపడేది తుప్పు మేకు కావచ్చు. ఆ ఓపికకు దణ్ణం పెట్టాలి.

అందుకే కొన్ని డిటెక్టర్లకు రాడార్ కూడా జోడించారు. రేడియో తరంగాలు మట్టికీ ప్లాస్టిక్‌కూ మధ్య తేడా దగ్గర వెనక్కి తిరుగుతాయి కాబట్టి లోహం లేకున్నా ఆచూకీ దొరుకుతుంది. కానీ తడి బంకమట్టి ఆ తరంగాలను మింగేస్తుంది.

మందుపాతరలు వెతకడానికి శిక్షణ ఇచ్చిన ఎలుకకు ఆ ఇబ్బందులేవీ లేవు, అది లోహాన్ని పట్టించుకోదు, లోపలున్న పేలుడు పదార్థం టీఎన్‌టీ వాసనే చూస్తుంది. టాంజానియాలో శిక్షణ పొంది కంబోడియా వచ్చిన మగావా అనే పెద్ద ఆఫ్రికా ఎలుక మొత్తం 100కు పైగా మందుపాతరలు, పేలని గుండ్లు కనిపెట్టింది, 2020లో బంగారు పతకం కూడా అందుకుంది. బరువు కిలోంపావు లోపే, దాని అడుగు పడితే మందుపాతర పేలదు. టెన్నిస్ కోర్టంత నేలను అరగంటలో చుట్టేసేది, అదే మెటల్ డిటెక్టర్‌తో అయితే రోజులు పడుతుంది. వాసన తగిలిన చోట ఎలుక కాళ్లతో మట్టి గీరుతుంది, దానికి అరటిపండు ముక్క పెడతారు. ఆ తర్వాత గీరిన చోటికి మళ్లీ మనిషే డిటెక్టర్ పట్టుకుని వెళ్తాడు.