గుండు చూసి లడ్డు అడిగిన మనవళ్లకు

చిన్నూ, బుజ్జీ,

మొన్న పక్కింటి పిల్లోణ్ని చూసి “కొండకు పోయొచ్చినావా, లడ్డు ఏదిరా?” అని అడిగినారు. వాడు నవ్వి ఊరుకున్నాడు. తిరుపతిలో గుండు కనపడితే ఎవరైనా అట్లే అనుకుంటారు. ఒకందుకు మంచిదే, వాణ్ని వింతగా చూసేవాళ్లు లేరు. వాడి జుట్టు మందులకు రాలిందిరా. బ్లడ్ క్యాన్సర్.

“ఒక్క మంచి మందు ఇస్తే చాలదా తాతా?” అన్నావు చిన్నూ. ఆ పని 1948 నాటికే చేసి చూసినారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఈ జబ్బున్న 16 మంది పిల్లలకు ఇచ్చినారు. 10 మంది తేరుకున్నారు. కానీ ఆ మేలు నిలవలేదు, జబ్బు తిరగబెట్టింది. కోట్ల కణాల్లో మందుకు లొంగనివి కొన్ని ఉంటాయి, మిగతావి చచ్చినాక అవే పెరుగుతాయి. టీబీదీ ఇదే తంతు. మా పెదనాయన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు సూదితో పాటు గుప్పెడు మాత్రలు మింగించింది అందుకే.

1960ల మొదట్లో ఫ్రై, ఫ్రైరైక్ అనే డాక్టర్లు ఆ టీబీ పాఠాన్నే పట్టుకుని పిల్లలకు నాలుగు మందులు కలిపి ఇచ్చినారు. అందులో విన్‌క్రిస్టిన్ మన పెరట్లోని బిళ్లగన్నేరు ఆకుల్లో ఉండేదే. (మీరు నమిలేరు, ఆకు విషం!) అది వేళ్లకు తిమ్మిరి తెస్తుంది, రక్తకణాలను పెద్దగా తగ్గించదు. ఆ నాలుగింటిలో ఇంకొకటి మెథోట్రెక్సేట్, అది రక్తకణాలను తగ్గిస్తుంది, నోరు పూయిస్తుంది. దెబ్బలన్నీ ఒక్కచోటే పడకుంటే పిల్లోడు ఓర్చుకుంటాడు. కలపడంలో ఒడుపంతా అక్కడే ఉంది.

మొండి న్యూరోబ్లాస్టోమా (నరాల కణాల్లో పుట్టే క్యాన్సర్), మెదడు అడుగున ఉండే మెదడు కాండంలో వచ్చే గడ్డలు ఇంకా అంత సులువుగా లొంగడం లేదు. వాటికి ఏ మందులు కలపాలో వెతకాలి. 100 మందులుంటే జతలే 4,950, లెక్క వేసి చూడండి. అన్నీ పిల్లల మీద ప్రయోగించలేరు కదా! ముందు గాజు పళ్లెంలో కణాల మీద, తరువాత ఎలుకల మీద చూస్తారు. అక్కడ నెగ్గినవే కొద్దిమంది పిల్లలకు, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతారు. ఇట్లాంటి జబ్బులు అరుదు, ఒక్క ఆసుపత్రికి వచ్చే పిల్లలు చాలరు. అందుకే దేశాలే కలిసి పరీక్షిస్తాయి. మన దేశంలో 7 ఏళ్లు దాటిన పిల్లలను ఇట్లాంటి పరీక్షలో చేర్చాలంటే అమ్మానాన్నల సంతకం ఒక్కటే చాలదు, పిల్లల్నీ అడగాలి. నాకు బాగా నచ్చిన నియమం ఇది.

పక్కింటోడివి ఏనాడో పరీక్షకు నిలిచిన మందులే. శుక్రవారం వాడికి సూది. ఆదివారం క్యారమ్స్ బోర్డు తీసుకుపోండి, జలుబుంటే మాత్రం గడప తొక్కొద్దు. వేళ్లు తిమ్మిరిగా ఉంటాయి, స్ట్రైకర్ గురి తప్పితే నవ్వొద్దు.

మీ తాత