విశాఖ బర్మా క్యాంపు: రంగూన్ బాల్యాల వెనుక చరిత్ర

బర్మాలో పుట్టి విశాఖపట్నంలో స్థిరపడిన రచయిత తన చిన్నతనాన్ని రాస్తే, దాన్ని స్వదేశానికి తిరిగి వచ్చిన కథగా చదవడం మనకు అలవాటు. ప్రభుత్వ కాగితాలూ ఆ మాటే చెబుతాయి. కానీ కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపుకు చేరిన కుటుంబాల్లో బర్మాలోనే పుట్టిన పిల్లలకు విశాఖ తాతల నోట విన్న ఊరే తప్ప తెలిసిన ఊరు కాదు. వాళ్లు పోగొట్టుకున్న సొంత ఊరు రంగూన్.

తాతలు అక్కడికి వెళ్లింది బతుకుతెరువు కోసం. 1852 యుద్ధంతో దిగువ బర్మా బ్రిటిష్ వారి చేతికి వచ్చాక ఐరావతి డెల్టాలో వరి సాగు విస్తరించి, రంగూన్ రేవుకూ బియ్యం మిల్లులకూ కూలీలు కావలసి వచ్చారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ‘రంగం’ అనే ఆ నగరానికి మేస్త్రీలు ముందుగా డబ్బిచ్చి మనుషులను ఓడ ఎక్కించేవారు. ఆ అప్పు తీరేదాకా కూలీ మేస్త్రీ చెప్పుచేతల్లో ఉండవలసిందే. విశాఖ నౌకాశ్రయం 1933లో గానీ తెరుచుకోలేదు కనుక, అంతకుముందు వెళ్లినవారు పడవల్లో సముద్రంలోకి వెళ్లి, దూరంగా లంగరు వేసిన స్టీమరు ఎక్కేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ వాసుల్లో సగానికి పైగా భారతీయులే. ఆ సంఖ్య బర్మీయులకు ఎలా కనిపించి ఉంటుందో మనవాళ్ల కథనాలు అరుదుగా ఆలోచిస్తాయి.

1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచాలని సమ్మె చేశారు. యాజమాన్యాలు వారి స్థానంలో బర్మీయులను దింపాయి. రాజీ కుదిరి పాతవారిని మళ్లీ పనిలోకి తీసుకున్నప్పుడు చెలరేగిన అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది భారతీయులు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాక, ఓడ టికెట్టు దొరకని లక్షలాది మంది అరకాన్, మణిపూర్ కొండల మీదుగా నడిచి వచ్చారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా బాంబులు పడటంతో ఇక్కడి జనమే ఊరు విడిచిపోసాగారు.

యుద్ధం ముగిశాక కొందరు తిరిగి వెళ్లారు. ఇప్పుడు జ్ఞాపకాలు రాయగల వయసు వారి బాల్యం ఆ తర్వాతిది, దానికి ముగింపు 1964. స్వతంత్ర బర్మాలో 1948 చట్టం కింద పౌరసత్వం పొందని భారతీయులు, ఎన్ని దశాబ్దాలుగా అక్కడున్నా, విదేశీయులుగా నమోదయ్యారు. 1962 మార్చి 2న అధికారం చేజిక్కించుకున్న నే విన్ సైనిక ప్రభుత్వం 1964లో దుకాణాలను జాతీయం చేసి, అదే ఏడాది మేలో 50, 100 చాట్ నోట్లను రద్దు చేసింది. నగలూ నగదూ వెంట తీసుకెళ్లడంపై కఠినమైన ఆంక్షలు పెట్టింది. ఆ కాలంలో సుమారు 3 లక్షల మంది భారతీయులు దేశం విడిచారు. అంగడి ఎందుకు మూతపడిందో పెద్దలకు తెలుసు. బడి ఎందుకు మానాలో పిల్లలకు ఎవరూ చెప్పి ఉండరు. రాయవలసినది ఆ తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

ఇక్కడికి వచ్చాక లభించిన సాయం మరో అధ్యాయం. 1963 జూన్ 1 తర్వాత వచ్చినవారికి వయోపరిమితి సడలింపునిచ్చే నిబంధన కేంద్ర ఉద్యోగ ప్రకటనల్లో ఏళ్ల తరబడి కనిపించింది.

ఇలాంటి రచనలు చదివేవారు పాత పటం ఒకటి దగ్గర పెట్టుకోవడం మంచిది. పెద్దలు చెప్పే మొగల్ వీధి ఇప్పుడు ష్వేబొంతా వీధి, డల్హౌసీ వీధి మహాబందుల రోడ్డు. 1989లో రంగూన్ అన్న పేరు కూడా యాంగోన్‌గా మారింది.